మన ఊరి మామూలు ఫోటోలు నలుగురికీ చూపించాలంటే ఏం చేయాలి (రాజమండ్రి ఆల్బం తిరగేసి నేర్చుకున్నవి)

గూగుల్‌లో రాజమండ్రి అని కొట్టి ఫోటోలు చూడండి ఒకసారి. గోదావరి మీద సూర్యాస్తమయం, ఆర్చి బ్రిడ్జి, పుష్కరాల రేవులో హారతి, మళ్లీ ఇంకో సూర్యాస్తమయం. బాగుంటాయండీ, కాదనట్లేదు, నేనూ తీశా ఒక యాభై. కానీ కోటిపల్లి బస్టాండు ముప్ఫై ఏళ్ల కిందట ఎలా ఉండేది, తాడితోటలో బట్టల కొట్ల ముందు రిక్షాలు ఎక్కడ ఆగేవి, దేవీచౌక్‌లో దసరాకి జనం ఎందాకా కూర్చునేవాళ్లు అని వెతికితే చేతికి దొరికేది చాలా తక్కువ. ఫోటోలు లేక కాదు. మన ఇళ్లలోనే ఉన్నాయి, బీరువా మీద అట్టపెట్టెల్లో, పెళ్లి ఆల్బం కింద నలిగిపోతూ, ఫోటోలో ఉన్న పెద్దాయన ఎవరో చెప్పగలిగే మనిషికి చూపు తగ్గిపోతూ.

రెండేళ్ల నుంచి మా పెద్దమ్మ ఆల్బంలు, మావయ్యగారి ఆల్బంలు తిరగేసి ఫోటోలు కాపీ చేసి ఊరివాళ్ల గ్రూపుల్లో పెడుతున్నా, చేయాల్సిన తప్పులన్నీ చేశా, అవి మీరు చేయకుండా ఉంటారని రాస్తున్నా. మీది రాజమండ్రి కాకపోవచ్చు, తుని కావచ్చు, జనగామ కావచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ముందు: ఏ ఫోటోలు ఎంచుకోవాలి

మొహాలు చూడకండి, వెనకాల చూడండి. ఇదొక్కటి పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

మా పెద్దమ్మ దగ్గర పోస్టుకార్డు కన్నా కొంచెం చిన్న సైజు ఫోటో ఒకటుంది, చుట్టూ తెల్ల అంచు, కింద కుడి మూల మడతపడి పగిలింది. రేవు మెట్ల మీద పెద్దమ్మ, బెల్‌బాటం ప్యాంటులో పెద్దనాన్న, ఇద్దరు పిల్లలు. ఎండ కళ్లల్లో పడి నలుగురూ మొహాలు చిట్లించుకుని ఉన్నారు. ఇంట్లో అందరూ "అందులో ఏముందిరా, మొహాలే సరిగ్గా పడలేదు" అని పక్కన పెట్టేసిన ఫోటో అది. వెనకాల చూస్తే ఒడ్డుకి కట్టేసిన లాంచీ, దాని మీద ఆరేసిన లుంగీ, ఆ వెనక పాత రైలు బ్రిడ్జి స్తంభాలు, ఎడమ అంచున సగం తెగిపోయిన పీచుమిఠాయి గంట పట్టుకున్న ఒక చెయ్యి. అది పెట్టిన రోజు మా వాళ్ల గురించి ఒక్కరు కూడా అడగలేదు, అందరూ లాంచీ గురించే, ఒకాయనైతే ఆ లాంచీలోనే గోదావరి మధ్య లంకలోకి పెళ్లికి వెళ్లామని, తిరిగొచ్చేటప్పుడు ఇసుక తిన్నెకి తగులుకుని రెండు గంటలు నది మధ్యలో కూర్చున్నామని పేజీన్నర రాశారు.

కాబట్టి ఆల్బం ముందేసుకుని కూర్చున్నప్పుడు షాపు బోర్డులు, గోడ మీద సినిమా పోస్టర్లు, బస్సులు, రిక్షాలు, వీధి కుళాయి, బడి గేటు, వరద నీళ్లు, వీటిలో ఏదున్నా పక్కకి తీయండి. పూర్తిగా స్టూడియోలో తీసినవి, ఆ పెయింటింగ్ పరదా ముందు ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడ్డవి, ఊరి ఫోటోలు కావు గానీ వెనక స్టూడియో ముద్ర ఉంటే వదలొద్దు, ఆ ముద్ర మీద వీధి పేరుంటుంది.

కాపీ చేయడం

స్కానర్ ఉంటే మామూలు సైజు ప్రింటుకి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి, నాలుగించీలు ఆరించీల ఫోటో అయితే 2400 ఇంటూ 3600 పిక్సెల్స్ వస్తుంది, మళ్లీ పెద్దగా ప్రింటు తీసుకున్నా సరిపోతుంది. బొటనవేలంత పాస్‌పోర్టు సైజువైతే 1200 పెట్టండి. నెగటివ్‌లు దొరికితే మాత్రం పారేయకండి దయచేసి, ప్రింటు పాడైపోయినా నెగటివ్‌లో బొమ్మ బాగుండొచ్చు, వాటిని స్కాన్ చేసే వసతి ఉన్న షాపులో ఇవ్వండి.

స్కానర్ లేకపోతే ఫోన్ చాలు. ఎండలో కాదు, పొద్దున వరండా నీడలో బల్ల మీద ఫోటో పరిచి, ఫ్లాష్ తీసేసి, ఫోన్ లెన్స్ పంచె అంచుతోనైనా తుడిచి (సగం మంది ఇది చేయరు, తర్వాత పాత ఫోటో మసకగా ఉందని బాధపడతారు), ఫోన్ బల్లకి సమానంగా పట్టుకుని తీయండి. మరీ దగ్గరకి వెళ్తే అంచులు ఉబ్బినట్టు వస్తాయి, కొంచెం పైకి లేచి 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫోటో మెరుస్తుంటే మీ వెనక ఒకళ్లని నల్ల దుప్పటి పట్టుకుని నిలబడమనండి, చూడ్డానికి నవ్వొస్తుంది గానీ గాజుఫ్రేము మీద మెరుపు పోవడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. మా మావయ్యగారి ఫోటో ఒకటి ఫ్రేము గాజుకి అతుక్కుపోయింది. తడిగుడ్డ పెట్టి మెల్లగా లాగితే వచ్చేస్తుందనుకున్నా. వచ్చింది, కాగితం వచ్చింది, బొమ్మ గాజు మీదే ఉండిపోయింది. మావయ్యగారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. గాజుకి అతుక్కుంటే ముట్టుకోకుండా గాజు మీదనుంచే ఫోటో తీయండి. జిగురు పేజీల మీద పెట్టి పైన ప్లాస్టిక్ పొర వేసే ఆల్బంలు ఉంటాయి చూడండి, వాటిలోంచి కూడా గోరుతో పీకకండి, ఫోటో కిందనుంచి సన్నటి దారం దూర్చి రంపంలా అటూ ఇటూ లాగుతూ వస్తే చాలావరకు ఊడొస్తాయి. రాకపోతే ప్లాస్టిక్ పొర మాత్రం ఎత్తి ఆల్బంలో ఉండగానే ఫోన్‌తో ఫోటో తీయండి.

ఫోటో వెనక వైపు కూడా కాపీ తీయాలి. ఏమీ రాసి లేదనిపించినా తీయండి.

ఒరిజినల్ కాపీకి ఎడిటింగ్ వద్దు. ఇంకో కాపీ చేసుకుని దాని మీద ఏమన్నా చేసుకోండి. ఈమధ్య పాత ఫోటోని రంగుల్లోకి మార్చే యాప్‌లు వచ్చాయి కదా, మా తమ్ముడు పెద్దమ్మ పెళ్లి ఫోటో ఒకటి అందులో పెట్టాడు, చీర నీలం రంగు వచ్చింది, బ్రహ్మాండంగా ఉంది, పెద్దమ్మ చూసి "నాది చిలకాకుపచ్చ చీరరా, ఇదెవరిదో" అంది. పైగా మసకగా ఉన్న మొహాలకి అవి సొంతంగా కళ్లూ ముక్కూ పెట్టేస్తాయి, అది మీ తాతగారి మొహం కాదు. సరదాకి చేసుకోండి గానీ గ్రూపులో పెట్టేటప్పుడు పక్కన అసలుది కూడా పెట్టండి, రంగులు యాప్ వేసిందని రాయండి.

ఎప్పటి ఫోటో అనేది పట్టుకోవడం

నాకు బాగా ఇష్టమైన పని ఇదే, గంటలు గంటలు పోతాయి దీనికి.

గోదావరి ఒడ్డున తీసిన ఫోటో అయితే బ్రిడ్జిలే క్యాలెండర్. పాత రైలు బ్రిడ్జి, అంటే హేవలాక్ బ్రిడ్జి, 1900లో తెరిచారు, 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), దాని మీద రైళ్లు తిరిగింది 1997 వరకే. కాబట్టి ఆ పాత బ్రిడ్జి మీద రైలు కనిపిస్తే 1997కి ముందు ఫోటో, అందులో తిరుగు లేదు. రోడ్ కం రైల్ బ్రిడ్జి 1974ది. ఆర్చి బ్రిడ్జి కనిపిస్తే 1990లదో ఆ తర్వాతిదో. పెద్దమ్మ ఫోటోలో రేవు మీద నుంచి ఎడమకి చూస్తే ఆర్చిలు లేవు, ఖాళీగా ఆకాశం, కాబట్టి 1990లకి ముందు. పిల్లల వయసు బట్టి 1983 అని తేలింది, ఎందుకంటే చిన్నోడికి గుండు ఉంది, ఆ గుండు ఏ యేడు చేయించారో పెద్దమ్మకి నిద్రలో లేపి అడిగినా చెప్తుంది.

మీ ఊళ్లో బ్రిడ్జి లేకపోతే బళ్ల నంబర్లు చూడండి. 1989కి ముందు బళ్లకి మూడక్షరాలూ ఆ తర్వాత అంకెలూ ఉండేవి, తర్వాత జిల్లా నంబరు వచ్చింది, తూర్పుగోదావరికి ఏపీ 5, పశ్చిమకి ఏపీ 37. 2019లో ఆంధ్రాలో కొత్త బళ్లకి జిల్లా నంబర్లు పోయి అంతటా ఏపీ 39 వచ్చింది. తెలంగాణలో అయితే టీఎస్ 2014లో మొదలై 2024 మార్చిలో టీజీ అయింది. బండి పాతదై ఉండొచ్చు కాబట్టి నంబరు బట్టి ఫోటో అంతకుముందుది కాదని మాత్రమే చెప్పగలం, అది గుర్తుంచుకోండి.

షాపు బోర్డు మీద ఫోన్ నంబరుంటే లెక్కపెట్టండి. మా రాజమండ్రి ల్యాండ్‌లైన్లు (కోడ్ 0883) ఆరంకెలుండేవి, 2000ల మొదట్లో ముందు 2 చేరి ఏడంకెలయ్యాయి. సెల్ నంబరు కూడా ఉందంటే ఇంకా ఇటువైపు. గోడ మీద సినిమా పోస్టరుంటే ఇక చెప్పేదేముంది, రిలీజ్ తేదీ వెతుక్కుంటే నెలతో సహా దొరికేస్తుంది, కాకపోతే సెకండ్ రన్ (మళ్లీ ఆడించినప్పటి) పోస్టరేమో చూసుకోవాలి. ఫోటో మూలలో నారింజ రంగు అంకెల్లో పడే తేదీని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, మా పిన్ని కెమెరాలో సెల్లు మార్చినప్పుడల్లా తేదీ మొదటికొచ్చేసేది, మా ఇంట్లో మూడు పుట్టినరోజులూ ఒక శ్రాద్ధమూ అన్నీ 1994 జనవరి 1నే జరిగినట్టుంటాయి.

పుష్కరాలు ఇంకో కొండగుర్తు, 1991, 2003, 2015. మా వైపు పెద్దవాళ్లు ఏదన్నా చెప్పాలంటే పుష్కరాలకి ముందా తర్వాతా అనే చెప్తారు, లేదంటే 1986 గోదావరి వరద. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి వెళ్లింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 35 లక్షల క్యూసెక్కులు వదిలారు, ఆ వయసువాళ్లని ఎవర్ని కదిపినా నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు.

పెద్దవాళ్లని అడగడం

"పెద్దమ్మా, పాత జ్ఞాపకాలేమన్నా చెప్పు" అని అడిగితే "ఏముందమ్మా చెప్పడానికి, అన్నం తిన్నావా" అంటారు, అక్కడితో అయిపోయింది. ఫోటో చేతికిచ్చి చిన్న ప్రశ్న వేయండి. ఈ అంచున కనిపించే కొట్టు ఎవరిది? ఇక్కడనుంచి ఇంటికి నడిచొచ్చారా రిక్షానా? రిక్షా అయితే ఎంతిచ్చారు? ఫోటో తీసిందెవరు? ఈ ఆఖరిది తప్పకుండా అడగండి, ఫోటోలో లేని మనిషి గురించి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. పెద్దమ్మ ఫోటో తీసింది పెద్దనాన్న ఆఫీసు స్నేహితుడంట, ఆ కెమెరా అతనిది కూడా కాదంట, అరువు తెచ్చిందంట, రీల్లో మిగిలిన ఆఖరి ఫోటో ఇది. ఆ సంగతి నలభై ఏళ్లలో మా ఇంట్లో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు కనక.

వాళ్లని అడిగి ఫోన్లో రికార్డింగ్ పెట్టుకోండి. చెప్తుంటే మధ్యలో సరిదిద్దకండి, తేదీ తప్పయినా సరే, తర్వాత చూసుకోవచ్చు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు కాదంటారు, రెండూ రాసుకోండి.

ఫోటో కింద రాత

ఇక్కడే చాలామంది "గోల్డెన్ డేస్" అని రాసి పక్కన దండం బొమ్మ పెట్టి వదిలేస్తారు. దాని వల్ల ఎవరికి ఉపయోగం చెప్పండి.

ఎక్కడ నిలబడి తీశారు, ఎటు చూస్తూ, ఎప్పుడు, వెనకాల ఏముంది, ఇప్పుడక్కడ ఏముంది, ఎవరు చెప్పారు. ఇవి రాస్తే చాలు. నేను పెద్దమ్మ ఫోటోకి రాసింది ఇది: "రాజమండ్రి, పుష్కరాల రేవు మెట్లు, నది వైపు తిరిగి ఎడమకి చూస్తూ. 1983 కావచ్చు, చలికాలం. వెనకాల హేవలాక్ బ్రిడ్జి, ఆర్చి బ్రిడ్జి ఇంకా కట్టలేదు. లాంచీ పేరు కనిపించట్లేదు, గుర్తుపట్టినవాళ్లు చెప్పండి. వివరాలు మా పెద్దమ్మ చెప్పినవి." నిజానికి మొదటిసారి నేను కోటిలింగాల రేవు అని రాసి పెట్టా, పెట్టిన పది నిమిషాల్లో ముగ్గురు పెద్దాళ్లు వచ్చి బ్రిడ్జి అంత దగ్గరగా కోటిలింగాల నుంచి ఎలా కనపడుతుంది నాయనా అని తలంటారు. తప్పు రాసినా పర్లేదు, దిద్దేవాళ్లుంటారు, "కావచ్చు", "అనుకుంటా" అని రాయడానికి మొహమాటపడొద్దు.

ఊరి పేరు రెండు రకాలుగానూ రాయండి. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం, కానీ వెతికేవాళ్లలో చాలామంది రాజమండ్రి అనే కొడతారు, ఇంగ్లీషు స్పెల్లింగు కూడా కింద పడేయండి. పేట పేరు, వీధి పేరు జనం ఏమంటారో అదే రాయండి. నల్లమందు సందుని నల్లమందు సందు అనే రాయాలి, మున్సిపాలిటీ కాగితంలో ఇంకేదన్నా ఉంటే అది రెండోది.

ఫైలు పేరులో సంవత్సరం ముందు పెట్టండి, 1983-రాజమండ్రి-రేవు-01 అన్నట్టు, వెనక వైపు ఫోటోకి అదే పేరు చివర వెనక అని. అన్నీ వరసలో వచ్చేస్తాయి, ఐదొందల ఫోటోలయ్యాక నా మాట గుర్తొస్తుంది మీకు.

ఎక్కడ పెట్టాలి, ఏది పెట్టకూడదు

ముందు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోటోలో ఉన్నవాళ్లనో వాళ్ల పిల్లల్నో అడగాలి కదా, అక్కడే అడిగినట్టవుతుంది. పంపేటప్పుడు మామూలు ఫోటోలా పంపితే వాట్సాప్ సైజు కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఒక్కరోజే నలభై కుమ్మరించకండి, ఎవరూ చూడరు, రోజుకొకటి పెట్టండి, పొద్దున్న కాఫీ టైముకి పెడితే పెద్దవాళ్లు ఖాళీగా ఉంటారు.

తర్వాత ఊరివాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులు. అక్కడ కింద వచ్చే మాటలే అసలు ఆస్తి, పేర్లు, కొట్లు, ఎవరి మేడ ఎప్పుడు పడగొట్టారో అన్నీ వాటిలోనే ఉంటాయి. అవి ఎప్పటికప్పుడు కాపీ చేసి మీ నోట్సులో ఫోటో నంబరు కింద పెట్టుకోండి, గ్రూపు ఎప్పుడు మూతపడుతుందో చెప్పలేం. మా ఫోటో ఒకటి ఎవరో పేజీవాళ్లు తీసుకుని మీద వాళ్ల పేరు ముద్రేసుకుని పెట్టుకున్నారు, అడిగితే బ్లాక్ చేశారు. అలాంటివి జరుగుతాయి, నా వరకు నేను ముద్రలు వేయను, మంచి ఫోటో మధ్యలో పేరు రాసుకుంటే పెళ్లిలో చదివింపుల గ్లాసు మీద పేరు కొట్టించినట్టుంటుంది.

మీరు స్వయంగా తీసినవైతే వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియాకి ఫోటోలు అందించే ఉచిత నిల్వ అది) పెట్టొచ్చు. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తీసి చూడండి, ఫోటో లేకపోయినా, గుడి ఫోటో ఒక్కటే ఉన్నా, మీ బస్టాండు ఫోటో అక్కడికి పనికొస్తుంది. ఒకటే షరతు, అక్కడ పెట్టాక మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే, మళ్లీ వెనక్కి తీసుకుంటానంటే కుదరదు. స్టూడియోవాళ్లు తీసిన పాత ఫోటో మీ బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మీదైపోదు, అవి అక్కడ పెట్టకండి.

పెట్టకూడనివి: రేవులో స్నానాలు చేసేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంత పాత ఫోటో అయినా సరే. పిల్లల బడి ఫోటోలు ఇప్పటివైతే వద్దు. 2015 జులై 14న రేవులో తొక్కిసలాట జరిగింది, ఆ రోజువి ఉంటే అవి పోయినవాళ్ల కుటుంబాల దుఃఖం, మీ దగ్గరే ఉంచుకోండి. ఇప్పటి ఫోటోల్లో బండి నంబర్లు, ఇంటి తలుపు నంబర్లు కొంచెం మసక చేయండి.

ఇప్పటి ఫోటోలు కూడా తీయండి మరి

పాతవాటి మీద పడి ఇవాళ్టివి మర్చిపోతాం. టిఫిన్ కొట్లో ధరల బోర్డు తీయండి, ఇడ్లీ ఎంత, పెసరట్టు ఉప్మా ఎంత, ఇరవై ఏళ్లకి అదొక్కటి చాలు జనం ఎగబడ్డానికి. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగుతూ గ్లాసు ఫోటో తీస్తారు అందరూ, నాలుగడుగులు వెనక్కేసి కొట్టు, పక్క కొట్టు, పైన కరెంటు వైర్లు, ముందు ఆగిన ఆటో అన్నీ పడేలా తీయండి. కొట్టువాళ్లని ఒక మాట అడగండి, ఎవరూ వద్దనరు, కొందరు బనీను మీద చొక్కా వేసుకొస్తా ఆగమంటారు, ఆగండి.

ఏడాదికోసారి ఒకే చోట నిలబడి ఒకే వైపు తీయండి. పాత ఫోటోకి జోడీ తీయాలనుకుంటే అది ఫోన్లో తెరిచి పెట్టుకుని, ఒక స్తంభం వెనక ఇంకో స్తంభం ఎంత కనిపిస్తుందో చూసుకుంటూ జరగండి, అది సరిపోతే మీరు నలభై ఏళ్ల కింద కెమెరా పట్టుకున్న మనిషి నిలబడిన మెట్టు మీదే ఉన్నట్టు. నాకు ఆ మెట్టు దొరకడానికి మూడు ఆదివారాలు పట్టింది, దొరికాక చూస్తే అక్కడొక కొబ్బరికాయల బండి ఉంది, ఆవిడ జరగనంది, సరే ఆవిడతో సహా తీశా.

కాపీలు మూడు చోట్ల ఉంచండి, ఫోన్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉన్న చుట్టం దగ్గర ఒకటి. అసలు ఫోటోల వెనక రాయాలంటే పెన్సిల్‌తోనే, మెత్తగా, బాల్‌పెన్ వాడితే ముందు వైపు గీతలు తేలతాయి.

ఇంకో మాట, గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. పుష్కరాలొస్తున్నాయంటే రేవులకి కొత్త టైల్సు, కొత్త రంగులు, బళ్లు తీసేయడాలు, గోడలు కొట్టేయడాలు ఉంటాయి. అందుకని ఆ హడావుడి మొదలవకముందే ఏదో ఒక పనిరోజు పొద్దున్న ఏడింటికి వెళ్లి, మెట్లు, పంతుళ్ల గొడుగులు, క్షౌరం చేసేవాళ్ల కుర్చీలు, ఆ కొబ్బరికాయలావిడ బండి, ఉన్నవున్నట్టు తీసి పెట్టుకోండి. తీశాక ఏ మెట్టు మీద నిలబడ్డారో అక్కడే రాసేసుకోండి, ఇంటికొచ్చాక గుర్తుండదు.